నాలుగు వైపుల పేజీ

'వలిసెపూలు' పత్రికను పిల్లలు చదవడం లేదన్న సంగతి రమణికి మనుషులెవరూ చెప్పలేదు, హాస్టల్లోని ట్రంకుపెట్టెలు చెప్పాయి. ఆ ఆదివారం ఏదో పని మీద అరకులోయ బాలికల హాస్టల్‌కి వెళ్ళి, పిల్లలు బట్టలు సర్దుకుంటుంటే చూసింది. తెరిచిన ప్రతి పెట్టె మూతకీ లోపలివైపు తను కంప్యూటర్ ముందు కూర్చుని రంగురంగులుగా కూర్చిన పేజీలే అంటించి ఉన్నాయి. బొమ్మలు చక్కగా కత్తిరించుకున్నారు. పక్కనున్న కథల్ని మాత్రం కత్తెర ఎక్కడికక్కడ కోసేసింది. ఒక మూత మీద "అప్పుడు రాజు ఏమన్నాడంటే" అన్న ముక్క ఎలాగో మిగిలిపోయింది. రాజు ఏమన్నాడో ఆ గదిలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్న బెంగ కూడా ఎవరికీ లేదు.

రమణికి తల కొట్టేసినట్టయింది. అవదా మరి? ఆ రంగులన్నీ తను పట్టుబట్టి పెట్టించినవే. అంతకుముందు పత్రిక జగన్నాథరావు మాస్టారి ఇష్టప్రకారం వచ్చేది. ఆయన పార్వతీపురంలో తెలుగు పంతులుగా రిటైరై, ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు పిలిస్తే కొండెక్కి వచ్చి ఈ పత్రికకి సంపాదకుడయ్యారు. పేజీకి రెండు కాలమ్‌లు, చుట్టూ ఒక గీత, అడుగున ఒక నీతి. ఆయన లెక్కలో పత్రికంటే అంతే. రమణి సోమన్న అనే కొండరైతు కూతురు, ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివి, విశాఖపట్నంలో డీటీపీ నేర్చుకుని వచ్చి పత్రిక ఆఫీసులో చేరింది. చేరిన రోజు నుంచీ మాస్టారితో పేచీయే. సిమెంటు బస్తా మీద అచ్చేసినట్టుంటే పదమూడేళ్ళ పిల్ల ఎందుకు తెరుస్తుందని ఆమె వాదన. ఆయన మొదట ఒంటికాలి మీద లేచినా, చివరికి విసిగిపోయి నీ ఇష్టమన్నారు. ఇక చూడాలి ఆవిడ సంబరం. పట్నం కుర్రకారు చదివే పత్రికలు ముందేసుకుని, వంకర శీర్షికలు, మెరుపులు, చుక్కలు, మోటారు సైకిళ్ళ మీద జీన్స్ ప్యాంట్ల కుర్రాళ్ళు, అన్నీ దించేసింది. కట్ట విప్పగానే పిల్లలు ఎగబడ్డారు. అది చదువు మీద మోజనుకుంది పిచ్చితల్లి.

ఇదిలా ఉండగా విశాఖపట్నం నుంచి సంస్థ కార్యదర్శి ప్రసన్న ఫోన్ చేసింది. ఆవిడ మాట మెత్తగానే ఉంటుంది, నిర్ణయాలు మాత్రం మెత్తగా ఉండవు. ఎవరూ చదవని పత్రికకి కాగితం దండగని కమిటీలో అందరూ అంటున్నారట. వచ్చే సంచిక వచ్చిన ఆదివారం తనే హాస్టల్‌కి వస్తుంది, కూర్చుని చూస్తుంది. పిల్లలు చదివితే పత్రిక నడుస్తుంది, లేకపోతే అదే చివరి సంచిక. కాపీలు సరిపోవడం లేదు, పెంచండని రమణి అడగబోతే, ముందు ఉన్నవి చదివించి చూపించమంది.

ఉద్యోగం పోతుందని రమణికి భయం లేదు. కంప్యూటర్ తెలిసినవాళ్ళకి ఆ రోజుల్లో కొండ కింద పని దొరుకుతూనే ఉంది. ఆమె బాధ వేరు. తమ ఊళ్ళ పేర్లు, తమ సంతలు, తమ అవ్వలు చెప్పిన కథలు అచ్చులో కనిపించే కాగితం ఆ కొండ మీద ఇదొక్కటే. పాఠ్యపుస్తకాల్లో వెతికినా తమవాళ్ళు ఎక్కడా కనబడరు. అలాంటి పత్రిక తన చేతుల్లో, తన రంగుల కింద పడి చావడమా? చావనివ్వనని గట్టిగా అనుకుంది.

అయితే ఈసారి కంప్యూటర్ ముందు కూర్చోలేదు. పిల్లలు పత్రికని అసలేం చేస్తారో చూసి వస్తానని మాస్టారిని అడిగి, వార్డెన్ అసిరమ్మని బతిమాలి, సాయంత్రాలు హాస్టల్ వరండాలో కాపు కాసింది.

గదికి ఒక్క కాపీ. బడి వదిలాక భోజనాల గంట కొట్టేదాకా పిల్లలకి తీరిక. ఆ వేళ కాపీని నేల మీద పరుస్తారు. చుట్టూ నాలుగు వైపులా గదిలో పిల్లలంతా మూగుతారు. అక్షరాలు తిన్నగా కనిపించే వైపు ఎప్పుడూ కనక కూర్చుంటుంది. కనక పదో తరగతి, గదికి పెద్ద, గొంతు గట్టిది. తను చదువుతుంది, మిగిలినవాళ్ళు వినాలి. నాలుగు వాక్యాలు చదివి, విసుగొస్తే రెండు పేరాలు దాటేసి, "ఆకర్న పెళ్ళి సేసుకున్నారు" అని ముగించేస్తుంది. రాజకుమారి లేని కథలో కూడా ఆవిడ పెళ్ళి చేయించేయగలదు. పక్కల కూర్చున్నవాళ్ళకి అక్షరాలు అడ్డంగా, ఎదురుగా ఉన్నవాళ్ళకి తలకిందులుగా. వాళ్ళకి మిగిలేది బొమ్మలే. అందుకే కథ అవగానే కత్తెరలు బయటికొస్తాయి.

కనకకి ఎదురువైపు ఎప్పుడూ సోని అనే ఆరో తరగతి పిల్ల కూర్చునేది. ఈ సంవత్సరమే కొండ మీది ఊరి నుంచి వచ్చింది, ఇంట్లో ఆదివాసీ ఒరియా మాట్లాడతారు, తెలుగు ఇంకా నాలుక మీద కుదురుకోలేదు. అటు కూర్చుంటే ఏం కనిపిస్తుందని రమణి ఆ పిల్లని అడిగింది.

సోని కాసేపు ఆలోచించి చెప్పింది. "మనుసుల కాళ్ళు మీదకుంటాయి అక్కా. ఎవులు పడిపోతన్నారో, ఎవులు నిలబడ్డారో తెలీదు."

మరి అటు వెళ్ళి కూర్చోవచ్చు కదా అంటే, అది పెద్దవాళ్ళు కూర్చునే చోటని, తను పదో తరగతికి వచ్చాక కూర్చుంటానని ఏ బాధా లేకుండా చెప్పింది. రమణికి తన హాస్టల్ రోజులు గుర్తొచ్చాయి. తను ఇదే గదిలో ఉన్నప్పుడు గట్టి గొంతు తనదే, తిన్నటి వైపు తనదే. ఎదురుగా కూర్చున్న పిల్లలకి ఏం కనిపిస్తోందో అన్నేళ్ళలో ఒక్కసారీ అనుమానం రాలేదు. పిల్లల కోసం పేజీ చేస్తున్నానని విర్రవీగింది, ఆ పేజీ చుట్టూ కూర్చున్నవాళ్ళలో నాలుగో వంతు మందికే తప్ప మిగిలినవాళ్ళకి అది పేజీయే కాదు.

మర్నాడు ఆఫీసుకి వచ్చి నడిమి రెండు పేజీలూ కలిపి ఒక పెద్ద కాగితం పరిచి దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. నాలుగు అంచులకీ నాలుగు ముక్కలు కథ. ఒక్కో ముక్క ఆ అంచున కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి ఉంటుంది. మధ్యలో సంత బొమ్మ, చెట్టెక్కి కిందికి చూసినట్టు. గొడుగులు, తట్టలు, తలపాగాలు, నెత్తిమీద కుండలు. దానికి తలా లేదు, పాదాలూ లేవు. ఏ వైపు కూర్చున్నా అది సంతే. కథ కూడా సంతదే. బుధు అనే ముసలాయన పందిపిల్లని కొనుక్కుంటాడు, అది తాడు తెంపుకుని సంతలో పడి పారిపోతుంది. ఒక్కో వైపు అది ఎక్కడ దూరిందో ఆ వైపు వాళ్ళకే తెలుస్తుంది. ఒకరు చదివితే కథ అవదు. నలుగురూ చదివి చెబితేనే పంది దొరుకుతుంది.

మాస్టారు ఆ కాగితాన్ని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అచ్చులో తలకిందులు అక్షరాలేమిటి, చదువంటే ఒక పద్ధతి లేదా, రేపు పిల్లలు పుస్తకం తిరగేసి పట్టుకుంటే ఎవరిది పూచీ అని గంటసేపు దులిపేశారు. పైగా నీతి ఎక్కడ వేస్తావని అడిగారు. నాలుగు అంచులూ నిండిపోయాయి కదా, నీతికి చోటు లేదు. ఆయనకి అసలు మంట అదే అయుంటుంది.

రమణి వాదించలేదు. పాత సంచిక ఒకటి నేల మీద పరిచి, ఎదురువైపు చాప వేసి, ఒక్కసారి ఇక్కడ కూర్చుని చూడండి మాస్టారూ అంది. మోకాళ్ళ నొప్పులాయన, గోడ పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నారు. తనే కూర్చిన రెండు కాలమ్‌ల పేజీని తలకిందులుగా చూస్తూ చాలాసేపు ఉండిపోయారు. తను రాసిన నీతి కూడా ఆయన చదవలేకపోయారు.

లేచాక అన్నారు. "చెయ్యి. కానీ సంపాదకుడిగా నా పేరుంటుంది, నవ్వితే నన్ను చూసి నవ్వుతారు. అది గుర్తుపెట్టుకుని చెయ్యి."

గుర్తుపెట్టుకునే చేసింది. అయితే ఆఫీసు ప్రింటర్ చిన్నది, అంత పెద్ద కాగితం దాంట్లో పట్టదు. అందుకని నాలుగు ముక్కలూ, బొమ్మా విడివిడిగా ట్రేసింగ్ కాగితం మీద తీసి, పెద్ద షీటు మీద వాటి వాటి చోట్ల తేలిగ్గా అంటించి విశాఖపట్నం ప్రెస్సుకి పంపింది. అక్కడ పేస్టింగ్ చేసేవాళ్ళు గట్టిగా అతికించి, దాన్నుంచి అచ్చుకి ప్లేటు తీయిస్తారు. ఇది కావాలనే ఇలా పెట్టానని ఒక్క ముక్క రాసి పంపాలని ఆమెకి తోచలేదు. అన్నాళ్ళు ఆ పేజీ చుట్టూ తిరిగీ తిరిగీ అందులో తలకిందులన్నదే ఆమె కంటికి ఆనడం మానేసింది.

శుక్రవారం సాయంత్రం ప్రెస్సు నుంచి వరహాలరావు ఫోన్ చేశాడు. పేస్టింగ్‌లో పండిపోయిన మనిషి, రమణి అంటే అభిమానం. గొంతు తగ్గించి రహస్యం చెబుతున్నట్టు మాట్లాడాడు.

"అమ్మీ, నడిమి పేజీ ముక్కలు అడ్డదిడ్డంగా అంటించీసి అంపేవు. ఒకటి తలకిందులు, రెండు పక్కకి. నా కంట పడింది కాబట్టి సరిపోయింది. అన్నీ తిన్నగా పెట్టీసేను, ప్లేటు కూడా అయిపోయింది. మాస్టారికి సెప్పకు, నిన్ను తిడతారు."

రేపు మధ్యాహ్నం మిషనెక్కుతుందని కూడా ఆయనే చెప్పాడు. ఆదివారం ప్రసన్న వస్తుంది. ఫోన్‌లో చెబితే ఆయనకి అర్థం కాదని, అర్థమైనా ఒప్పుకోడని రమణికి తెలుసు. మిషన్ ఆపు బాబాయ్, నేను వచ్చేదాకా ఆపు అని మాత్రం చెప్పి పెట్టేసింది.

తెల్లవారి మొదటి బస్సెక్కింది. ఘాట్ దిగుతుంటే ప్రతి మలుపుకీ ఆమెకి కోపం పెరుగుతూ పోయింది, వరహాలరావు మీద కాదు, తన మీద. ప్రెస్సు మెట్లెక్కేసరికి మాత్రం కోపం దిగింది, పట్టుదల మిగిలింది. తను అనుకున్నదేమిటో విడమరిచి చెప్పింది. ఆయన విన్నాడు, విని తల అడ్డంగా ఊపాడు. తన చేతి మీదుగా ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం తలకిందులుగా బయటికి వెళ్ళలేదు. ఇది వెళితే వీధిలో ప్రతి ప్రెస్సువాడూ చూసి నవ్వుతాడు, ముసలాడికి చూపు పోయిందంటాడు.

"నవ్వేవాళ్ళు చేత్తో పట్టుకుని చూసేవాళ్ళు బాబాయ్," అంది రమణి. "మా పిల్లలకి మనిషికొక కాపీ రాదు. నేల మీద పెట్టుకుని చుట్టూ కూర్చుంటారు. తిన్నగా పెడితే ఒకత్తి చదువుతుంది, మిగిలినవాళ్ళు దాని మొహం చూస్తారు."

ఆయన బల్ల మీద కొత్త షీటు పరిచి బ్లేడు రమణి చేతికిచ్చాడు. ఇలాంటి పనికి నా చెయ్యి రాదు, నువ్వే అంటించుకో అన్నాడు. రమణి అంటించింది. ఆయన పక్కకి తిరిగి నిలబడ్డాడు గానీ, తలకిందులుగా పెట్టిన ముక్క అంచు ఓ వెంట్రుక వాసి వంకరగా ఉందని ఎలాగో చూసేశాడు. ఉండబట్టలేక ఆమె చేతిలోంచి బ్లేడు లాక్కుని తనే సరిచేశాడు. తలకిందులైనా తిన్నగా ఉండాలి కదా అని గొణిగాడు. తర్వాత యజమాని దగ్గరికి వెళ్ళి, పొరపాటు తనదేనని చెప్పి ప్లేటు మళ్ళీ తీయించాడు. నాది బాబాయ్, నేను చీటీ రాయలేదని రమణి అనబోతే కళ్ళెర్రజేశాడు. ఆ సాయంత్రం అచ్చయిన కట్టలు తీసుకుని బస్సుకి బయల్దేరుతూ ఆయన చేయి పట్టుకుని ఏడ్చినంత పనైంది ఆమెకి.

ఆదివారం మధ్యాహ్నం ప్రసన్న జీపులో వచ్చింది. అసిరమ్మకి పెద్దవాళ్ళు వస్తున్నారంటే కంగారు. అన్ని గదుల కాపీలూ పోగుచేసి, కనక గది పిల్లల్ని ప్రార్థనలో నిలబెట్టినట్టు వరసల్లో కూర్చోబెట్టి, మనిషికొకటి చేతిలో పెట్టేసింది. నూనె రాసి జడలు కూడా వేయించింది. వరసల్లో కూర్చున్న పిల్లలు పేజీని ఎటు పట్టుకోవాలో తెలియక తిప్పుతున్నారు. ప్రసన్న మొహంలో అప్పుడే ఏదో తేలిపోయినట్టుంది. రమణి మొహమాటం వదిలేసింది. చేతులెత్తి దణ్ణం పెట్టి, ఎప్పుడూ ఎలా చదువుతారో అలాగే చదవనివ్వమని అడిగి, ఒక్కటి తప్ప కాపీలన్నీ తనే వెనక్కి తీసేసుకుంది. దాన్ని గది మధ్యలో నేల మీద పెట్టి వెళ్ళి గోడ దగ్గర నిలబడింది. మాస్టారు గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు, కండువా అంచుని వేళ్ళకి చుడుతూ విప్పుతూ కూర్చున్నారు.

పిల్లలు అలవాటుగా చుట్టూ చేరారు. కనక తన చోట కూర్చుని, గొంతు సవరించుకుని చదివింది. బుధు పందిపిల్లని కొన్నాడు, తాడు తెగింది, అది గాజుల కొట్టు కిందికి దూరింది. అక్కడితో ముక్క అయిపోయింది. మిగిలింది చదువుదామని కాగితం తిప్పబోయింది కనక. తిరగలేదు. మూడు వైపులా చేతులు దాన్ని నొక్కిపట్టి ఉన్నాయి, ఎవరి ముందున్నది వాళ్ళు చదువుకుంటున్నారు. కుడివైపు పిల్ల అందుకుంది. గాజుల కొట్టులోంచి పంది ఉప్పు బస్తాల వెనక్కి. ఎడమవైపు పిల్ల ఆగలేక అప్పుడే మొదలుపెట్టింది. ఉప్పు బస్తాల్లోంచి జీపు మీదికి. పకపకా నవ్వులు. గదిలో నవ్వని వాళ్ళు పెద్దవాళ్ళే.

ఆ తర్వాత తలలన్నీ ఒకే వైపు తిరిగాయి. నాలుగో ముక్క సోని ముందుంది.

సోని వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, లోపలే కూడబలుక్కుంటోంది. ఆ పిల్లని ఇంతవరకూ ఎవరూ చదవమని అడగలేదు, అడిగితే ఏం చేయాలో దానికి తెలియదు. బేగి చెప్పమని చుట్టూ గోల. సోని ఇంకా రెండో వరసలోనే ఉంది. బయట డ్రైవరు హారన్ కొట్టాడు, మంచు దిగేలోగా ఘాట్ దాటాలని ఆయన తొందర. కనకకి ఓపిక పోయింది. లేచి, చుట్టూ తిరిగి ఇవతలికొచ్చి, సోనిని జరగమని భుజం మీద చెయ్యి వేసింది. పెద్దది చదివేస్తే అయిపోతుంది, ఎప్పుడూ అంతే కదా. రమణి గోడకి అతుక్కుపోయింది. కాళ్ళు ముందుకి పడుతుంటే బలవంతాన ఆపుకుంది. ఇప్పుడు తను వెళ్ళి కనకని లాగితే ఆ పేజీకి అర్థం లేదు.

సోని జరగలేదు. రెండు అరచేతులూ అక్షరాల మీద కప్పి తలెత్తింది.

"ఆగక్కా. నేను సదవతన్నాను."

కనక ఆగిపోయింది. బయట మళ్ళీ హారన్ మోగింది. ప్రసన్న కిటికీ వైపు తిరిగి, ఉండమని డ్రైవరుకి చెయ్యి చూపించి, పక్కనే ఉన్న పెట్టె మీద కూర్చుంది. సోని చేతులు తీసి మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. ఒక్కో మాటా గుండ్రాయి ఎత్తినట్టు ఎత్తింది. ఎవరూ గోల చేయలేదు. సగం దాకా వచ్చాక ఆ పిల్లకే నవ్వొచ్చింది. తెలుగు వదిలేసి, తన ఇంటి భాషలో గబగబా చెప్పేసింది. గది పేలిపోయినట్టు నవ్వులు. కనక పొట్ట పట్టుకుని అక్కడే చతికిలబడింది.

గుమ్మంలో మాస్టారు, పెట్టె మీద ప్రసన్న ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఆ భాష రాదు.

"పంది ఏమైంది?" అని ప్రసన్న రమణిని అడిగింది.

బుధు సంతంతా వెతికి వెతికి కాళ్ళీడ్చుకుంటూ ఇంటికెళ్ళేసరికి, పంది ఆయన కన్నా ముందే జీపెక్కి వెళ్ళిపోయి పెరట్లో కుడితి తాగుతోందని రమణి చెప్పింది. చెబుతూనే కళ్ళు తుడుచుకుంది, సిగ్గుపడలేదు. ప్రసన్న కూడా నవ్వేసింది. ఎవరెవరు ఏ వైపు కూర్చోవాలో ముందే నేర్పారా అని ఆవిడ అడిగితే, మాస్టారు కుర్చీలోంచి లేచారు. ఆ పేజీని పిల్లలు ఈరోజే చూశారని, దాంట్లో నీతి లేదని, వచ్చే సంచికలోనూ ఉండదని సంపాదకుడి గొంతుతో చెప్పారు. వచ్చే సంచిక ఉంటుందో లేదో ఆవిడ ఇంకా చెప్పలేదన్న సంగతి ఆయన మరిచిపోయారో, కావాలనే మరిచిపోయారో. ప్రసన్న ఆ మాటని దిద్దలేదు. నాలుగు వైపులకి కథలు రాసేవాళ్ళని చూసుకోండి మాస్టారూ అంది, జీపెక్కబోతూ.

రమణి వాళ్ళని సాగనంపి వచ్చేసరికి పిల్లలు ఇంకా అలాగే ఉన్నారు. మళ్ళీ చదవాలట. భోజనాల గంట కొట్టేదాకా ఎన్నిసార్లయినా చదువుతారట. కనక తన చోటికి వెళ్ళబోయింది, అక్కడ అప్పటికే సోని కూర్చుని ఉంది.

"ఈ పాలి నువ్వటేపు కూకో అక్కా," అంది సోని. "ఆకరిది నువ్వు సదువు."

కనక ఒక్క క్షణం దాని వైపు చూసింది. తర్వాత ఎదురువైపుకి వెళ్ళి కూర్చుని, తన వంతు కోసం చూడసాగింది.